సూది ఒకరికి, రక్ష ఇంకొకరికి

జపాన్‌లో 1970లలో బడికి వెళ్లినవాళ్లకు చలికాలం ముందు జరిగే ఒక తంతు గుర్తుండే ఉంటుంది. చొక్కా చేతులు పైకి మడుచుకుని వరసలో నిలబడాలి. స్పిరిట్ వాసన, ముందున్నవాడి ఏడుపు, వెంటనే తన వంతు. 1957లో ఆసియా ఫ్లూ దేశాన్ని కుదిపేసి వెళ్లాక అక్కడి ప్రజారోగ్య అధికారులకు ఒక సంగతి తోచింది. ఈ జబ్బు ఇళ్లలోకి బడిసంచితోపాటు వస్తోంది. తరగతిలో అంటించుకున్న పిల్లలు సాయంత్రానికి ఇంటికొచ్చి తాత పక్కలో చేరతారు. అందుకని 1962 నుంచి బడిపిల్లలకు ఫ్లూ టీకాలు వేయడం మొదలుపెట్టారు. 1977లో చట్టం చేసి తప్పనిసరి చేశారు. టీకా పిల్లలకే. తాతయ్యలకు, నానమ్మలకు వేయాలని అప్పట్లో ఎవరూ పట్టుబట్టలేదు.

తర్వాత కథ అడ్డం తిరిగింది. 1979లో గున్మా రాష్ట్రంలోని మయెబాషి నగరంలో టీకా తర్వాత ఒక పిల్లవాడికి ఫిట్స్ వచ్చాయన్న ఘటన మీద గొడవ జరిగి, అక్కడ టీకాలు నిలిచిపోయాయి. నగర వైద్యుల సంఘం దీన్ని ఒక పరిశీలనగా మలుచుకుంది. టీకాలు ఆపిన మయెబాషి పిల్లలను, టీకాలు కొనసాగుతున్న పొరుగు ఊళ్ల పిల్లలతో పోల్చి చూసింది. జ్వరంతో బడి మానేసిన పిల్లల లెక్కల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదంది. ఆ నివేదిక దేశమంతా పాకింది. 1987లో, తల్లిదండ్రులు వద్దంటే మానేయవచ్చన్నారు. 1994లో కార్యక్రమాన్నే ఎత్తేశారు.

ఇక్కడ జరిగిన పొరపాటు చిన్నదిగా కనిపిస్తుంది గానీ, నా దృష్టిలో ఈ అధ్యాయం మొత్తానికి అదే ఇరుసు. మయెబాషి డాక్టర్లు బడి హాజరు పట్టీలు తిరగేశారు. ఆ పిల్లల ఇళ్లలో ముసలివాళ్లు ఎంతమంది పోయారో చూడలేదు.

2001లో థామస్ రైకర్ట్ బృందం న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఆ లెక్క చూసింది. ఫ్లూతో పోయినవాళ్ల మరణ పత్రంలో ఫ్లూ అని రాయడం అరుదు. న్యుమోనియా అని రాస్తారు, గుండె ఆగిందని రాస్తారు. అందుకని పరిశోధకులు దొడ్డిదారిన వస్తారు. ఏటా చలికాలంలో మామూలుగా ఎన్ని చావులు ఉండాలో అంచనా వేసి, దానికి పైన ఉన్నవాటిని ‘అదనపు మరణాలు’గా పట్టుకుంటారు. జపాన్‌లో పిల్లల టీకాలు మొదలవక ముందు ఈ అదనపు మరణాల రేటు అమెరికాలో కన్నా మూడు నాలుగు రెట్లు ఎక్కువ. టీకాలు నడిచిన కాలంలో అమెరికా స్థాయికి దిగింది. టీకాలు మానేశాక మళ్లీ లేచింది. ఆ కార్యక్రమం ఏటా 37 వేల నుంచి 49 వేల మరణాలను ఆపిందని, అంటే సుమారు 420 మంది పిల్లలకు టీకా వేస్తే ఒక ప్రాణం నిలిచిందని ఆ బృందం తేల్చింది. పోయినవాళ్లలో అత్యధికులు వృద్ధులే. తర్వాత వచ్చిన విశ్లేషణలు ఈ సంఖ్యలను బాగా తగ్గించాయి. ఆ ముప్పై ఏళ్లలో జపాన్ ఇళ్లు, తిండి, వైద్యం కూడా మారాయి కదా. కానీ తగ్గించినవాళ్లు కూడా కొట్టిపారేయలేదు.

సూది మనవడి చేతికి పడింది. బతికింది తాత. ‘టీకా ఎంతమంది వేయించుకున్నారు’ అన్న ఒక్క అంకె దగ్గర ఆగిపోతే ఈ సంగతి ఎప్పటికీ తెలియదు. ఎవరు వేయించుకున్నారు, ఎవరు మానేశారు, ఆ మానేసినవాళ్లు రోజూ ఎవరి పక్కన కూర్చుంటారు, ఇవన్నీ అడగాలి.

అడిగే ముందు ఫ్లూ గురించి రెండు ముక్కలు. మన వాడుకలో రొంప, పడిశం, జలుబు, వైరల్ ఫీవర్ అన్నీ కలగాపులగం. ‘మందు వేసుకుంటే వారం, వేసుకోకపోతే ఏడు రోజులు’ అని నవ్వేసే రొంప వేరు, ఫ్లూ వేరు. ఫ్లూ ఇన్‌ఫ్లూయెంజా వైరస్ వల్ల వస్తుంది. ఉన్నట్టుండి ముంచుకొచ్చే జ్వరం, ఒళ్లంతా రోకళ్లతో దంచినట్టు నొప్పులు, పొడి దగ్గు. కుర్రవాళ్లు వారంలో లేచి తిరుగుతారు. ముసలివాళ్లలో, ఆస్తమా, షుగరు, గుండెజబ్బు ఉన్నవాళ్లలో, గర్భిణుల్లో, పసిపిల్లల్లో అది ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. 1918లో ఇదే జాతి వైరస్ బొంబాయి రేవులో దిగి మన దేశంలో కోటి మందికి పైగా ప్రాణాలు తీసింది.

ఈ వైరస్ తన పై తొడుగును కొద్దికొద్దిగా మార్చుకుంటూ పోతుంది. నిరుటి టీకాతో తయారైన రక్షణకు ఈ ఏటి వైరస్ కొత్త ముఖంలా కనిపిస్తుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు ఏటా రెండుసార్లు కూర్చుంటారు. ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికి, సెప్టెంబరులో దక్షిణార్ధగోళానికి, రాబోయే కాలంలో ఏ రకాలు తిరుగుతాయో అంచనా కట్టి, వాటితో టీకా తయారుచేయమంటారు. చాలా కంపెనీలు ఇప్పటికీ ఆ వైరస్‌ను కోడిగుడ్లలోనే పెంచుతాయి. అంచనా బాగా కుదిరిన ఏడు టీకా 40 నుంచి 60 శాతం వరకు కాపాడుతుంది. గురి తప్పిన ఏడు, ఉదాహరణకు అమెరికాలో 2014–15 చలికాలంలో, 20 శాతం దగ్గరే ఆగిపోయింది. తట్టు టీకాలా చిన్నప్పుడు వేయించి మరిచిపోయే సరుకు కాదిది. ఏటా వేయించుకోవాలి, అయినా పూర్తి హామీ లేదు. దీన్ని ప్రజలకు అంటగట్టడం అంత తేలిక కాదని ఇక్కడే అర్థమైపోతుంది.

ఇంగ్లండ్‌లో ఈ టీకా కావలసినవాళ్లకు ఉచితం. ప్రతి కుటుంబానికీ జీపీ అని ఒక ఇంటి డాక్టరు ఉంటారు, ఆయన కంప్యూటర్‌లో ప్రతి ఒక్కరి వయసు, జబ్బులు నమోదై ఉంటాయి, శరదృతువు రాగానే పిలుపు ఉత్తరం వస్తుంది. వేసిన ప్రతి సూదికీ ఆ డాక్టరుకు ఇంత అని ముడుతుంది. ధర, దూరం, సమాచారం అనే మూడు అడ్డంకులనూ ఒక దేశం వీలైనంతగా తీసేసి చూపించిన చోటది. అక్కడ 2023–24 చలికాలపు లెక్క చూడండి. 65 దాటినవాళ్లలో దాదాపు 78 శాతం టీకా వేయించుకున్నారు. ఆ వయసుకు రాకుండానే షుగరు, ఆస్తమా, గుండెజబ్బు లాంటివి ఉన్నవాళ్లలో 41 శాతం. ఆసుపత్రుల్లో రోగులను నేరుగా చూసే సిబ్బందిలో 43 శాతం. గర్భిణుల్లో 32 శాతం.

అదే డాక్టరు, అదే ఫ్రిజ్. నూటికి 78 మంది ఒకవైపు, 32 మంది ఇంకోవైపు.

పెద్దవాళ్ల అంకె ఎందుకంత ఎక్కువ? వాళ్లకు భయం ఎక్కువ, తీరిక ఎక్కువ అని తేల్చేయవచ్చు. అదీ ఉంది. కానీ వయసు అనేది ఎవరూ వాదించలేని గీత. 2000కు ముందు ఇంగ్లండ్‌లో ‘ముప్పు ఉన్నవాళ్లు’ రావాలనేవారు. తర్వాత ‘65 దాటినవాళ్లందరూ రండి’ అన్నారు. ముప్పు ఉందని ఒప్పుకోవడం కన్నా వయసు ఒప్పుకోవడం సులభం. నలభై ఐదేళ్ల షుగరు మనిషి తనను తాను రోగి అనుకోడు. మాత్ర వేసుకుంటాడు, పనికి వెళతాడు. ‘ముప్పు ఉన్నవారికి’ అని రాసిన ఉత్తరం తనకే వచ్చిందని అతనికి తట్టదు. 41 శాతం వెనక పెద్దగా తిరస్కారం లేదు. ఉన్నది, ఇది నా గురించి కాదన్న ధీమా.

ఆ 78 శాతాన్ని చూసి మురిసిపోయేముందు ఒక చిక్కు సంగతి చెప్పాలి. చాలాకాలం పాటు, టీకా వేయించుకున్న వృద్ధుల్లో చలికాలపు మరణాలు సగానికి సగం తక్కువ అని పరిశోధనలు చెబుతూ వచ్చాయి. అమెరికాలో లోన్ సైమన్సెన్ 2005లో ఒక మొండి ప్రశ్న వేశారు. 1980కి ముందు వృద్ధుల్లో 15 శాతంగా ఉన్న టీకా 2001 నాటికి 65 శాతానికి పెరిగింది. చావులు నిజంగా సగం తగ్గి ఉంటే ఆ తగ్గుదల దేశం లెక్కల్లో కనపడాలి కదా? కనపడలేదు. మరుసటి ఏడు సియాటిల్‌లో లీసా జాక్సన్ బృందం దీని గుట్టు విప్పింది. టీకాలు వేశాక, ఫ్లూ ఇంకా ఊళ్లోకి రాకముందు ఉండే కొన్ని వారాలను విడిగా తీసి చూశారు. ఆ వారాల్లోనే టీకా వేయించుకున్నవాళ్లలో మరణాలు 61 శాతం తక్కువ! లేని వైరస్ నుంచి టీకా కాపాడలేదు. జరిగిందేమిటంటే, మంచం పట్టినవాళ్లు, ఆఖరి రోజుల్లో ఉన్నవాళ్లు, చేయిపట్టి తీసుకెళ్లే మనిషి లేనివాళ్లు టీకా దగ్గరికి రాలేదు. తన కాళ్ల మీద నడిచి వచ్చినవాళ్లు వేయించుకున్నారు. వాళ్లు ఎలాగూ బతికేవాళ్లే.

ఇది గణాంకాల తిరకాసు మాత్రమే అనుకోవద్దు. 78 శాతంలోకి రాని ఆ 22 మందిలో అత్యంత బలహీనులు ఉండే అవకాశం ఎక్కువ. వృద్ధుల అంకె పైకి ఎంత బాగున్నా, టీకా ఎవరికి అన్నిటికన్నా అవసరమో వాళ్లే బయట మిగిలిపోయి ఉండవచ్చు.

అలాగని టీకా వ్యర్థమని చెప్పడానికి లేదు. నడిచి వచ్చినవాళ్లు, రానివాళ్లు అన్న తేడాను తుడిచేయడానికి ఒకటే మార్గం, చీటీ వేసినట్టు ఎవరికి టీకా ఇవ్వాలో యాదృచ్ఛికంగా నిర్ణయించడం. స్వీడన్ వైద్యుడు ఓలె ఫ్రోబర్ట్ నాయకత్వంలో ఎనిమిది దేశాల్లో అలాంటి ప్రయోగం జరిగింది, మన పొరుగున ఉన్న బంగ్లాదేశ్‌లో కూడా. గుండెపోటుతో ఆసుపత్రిలో చేరినవాళ్లలో సగం మందికి ఫ్లూ టీకా, మిగతా సగానికి ఉత్త ఉప్పునీరు. ఏడాది తిరిగేసరికి ఉప్పునీరు వాళ్లలో 7.2 శాతం మంది మళ్లీ గుండెపోటు, స్టెంటు మూసుకుపోవడం, మరణం లాంటివాటికి గురయ్యారు. టీకా వాళ్లలో 5.3 శాతం. ఫ్లూకు గుండెకు సంబంధమేమిటని అడిగేవాళ్లకు కెనడాలోని ఒంటారియో లెక్క జవాబిస్తుంది. ఫ్లూ నిర్ధారణ అయిన మొదటి వారంలో గుండెపోటు వచ్చే అవకాశం ఆరు రెట్లు పెరుగుతుందని 2018లో తేలింది. జ్వరం తగ్గింది, గండం గడిచింది అనుకునేలోపు గుండె పట్టేస్తుంది. మన ఇళ్లలో ‘నాలుగు రోజులు జ్వరపడ్డారు, పాపం హార్ట్ ఎటాక్ వచ్చి పోయారు’ అని చెప్పుకునే కథల్లో ఎన్నింటి వెనక ఫ్లూ ఉందో.

ఇక గర్భిణులు. ఈ అంకె నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలవరపెడుతుంది. పుట్టిన ఆరు నెలల వరకు బిడ్డకు ఫ్లూ టీకా వేయరు. ఫ్లూ బలంగా కొట్టేది మాత్రం ఆ నెలల్లోనే. బిడ్డకు అప్పుడు ఉండే కవచం తల్లి రక్తం నుంచి మాయ ద్వారా వచ్చే ప్రతిరక్షకాలే. బంగ్లాదేశ్‌లో ‘తల్లి కానుక’ అనే అర్థం వచ్చే పేరుతో ఒక ప్రయోగం జరిగింది. 340 మంది గర్భిణుల్లో సగం మందికి ఫ్లూ టీకా, సగం మందికి న్యుమోనియా టీకా వేశారు. ఫ్లూ టీకా తీసుకున్న తల్లుల బిడ్డల్లో, ఆరు నెలల వరకు, పరీక్షలో తేలిన ఫ్లూ 63 శాతం తగ్గింది. 2008లో వెలువడిన ఈ ఫలితం తర్వాత చాలా దేశాలు తమ నియమాలు మార్చుకున్నాయి. ఇదీ సూది ఒకరికి, రక్ష ఇద్దరికి.

మరి ఇంగ్లండ్ గర్భిణులు మూడింట ఒకవంతు కూడా ఎందుకు ముందుకు రాలేదు? బొప్పాయి వద్దు, బరువు ఎత్తొద్దు, గ్రహణం చూడొద్దు అని మన దగ్గర పెద్దవాళ్లు చెప్పే జాబితాకూ, మందులు వద్దు, పచ్చిపాలు వద్దు అని అక్కడ నర్సులు చెప్పే జాబితాకూ వివరాల్లో ఎంత తేడా ఉన్నా తీరు ఒకటే. తొమ్మిది నెలల పాటు ‘వద్దు’ అనే మాటనే జాగ్రత్తగా నేర్పాక, ఉన్నట్టుండి ‘ఇది మాత్రం వేయించుకో’ అంటే ఆమె వెనక్కి తగ్గడం సహజం. అప్పుడు ఎవరు చెబుతున్నారు, ఎలా చెబుతున్నారు అన్నది తేల్చేస్తుంది. తనను రోజూ చూసే డాక్టరో, నర్సో నోరు తెరిచి అడిగితే వేయించుకునే అవకాశం బాగా పెరుగుతుందని దేశం తర్వాత దేశంలో కనబడింది.

దీనికి సాక్ష్యం కోసం లండన్ దాకా వెళ్లనక్కరలేదు. మన దేశంలో 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఆఖరి కాన్పులో బిడ్డకు ధనుర్వాతం రాకుండా రక్షణ పొందిన తల్లులు 92 శాతం. టీటీ సూది అంటే తెలియని అమ్మాయి పల్లెలో కూడా ఉండదు. ఏఎన్ఎం వస్తుంది, ఆశా కార్యకర్త గుర్తుచేస్తుంది, కార్డు మీద గడి ఉంటుంది, ఆ గడిలో తేదీ వేస్తారు. ఫ్లూ టీకా కూడా గర్భిణులకు మంచిదని కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాల్లో ఉంది. కార్డు మీద మాత్రం దానికి గడి లేదు. అదే చేయి, అదే నర్సు, అదే కుర్చీ. 92 శాతానికీ దాదాపు సున్నాకూ మధ్య ఉన్నది నమ్మకాల తేడా అని నేననుకోను.

ఆసుపత్రి సిబ్బంది సంగతికి వస్తే కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. వీళ్లకు అన్నీ తెలుసు. 2000లో లాన్సెట్‌లో వచ్చిన గ్లాస్గో ప్రయోగంలో ఇరవై వృద్ధుల ఆసుపత్రులను తీసుకుని, సగం చోట్ల సిబ్బందికి టీకా ఇస్తామన్నారు. ఆ చోట్ల సిబ్బందిలో 51 శాతం మంది, మిగతా చోట్ల 5 శాతం మంది వేయించుకున్నారు. రోగుల మరణాలు మొదటిచోట 13.6 శాతం, రెండోచోట 22.4 శాతం. అంత పెద్ద తేడా ఒక్క టీకా వల్లే రాదని తర్వాత చాలామంది విమర్శించారు, ఆ విమర్శలో పస ఉంది. ఉన్నా, రోగి మంచం పక్కన తుమ్మే మనిషికి టీకా ఉండటం మంచిదనడంలో ఎవరికీ సందేహం లేదు. ఇంగ్లండ్‌లో కోవిడ్ మొదటి చలికాలంలో వైద్య సిబ్బందిలో మూడొంతులకు పైగా ఫ్లూ టీకా వేయించుకున్నారు. మూడేళ్లు తిరిగేసరికి అది 43కు జారింది. మధ్యలో, కోవిడ్ టీకా లేకపోతే ఉద్యోగం ఉండదని ప్రభుత్వం నిబంధన తెచ్చి, ఆసుపత్రుల సిబ్బంది విషయంలో అమలు కాకముందే వెనక్కి తీసుకుంది. విసుగు, అలసట, ఆ పంతం కలిసి ఫ్లూ సూది మీద కూడా పడ్డాయని నా అనుమానం.

బలవంతం పనిచేయదని మాత్రం చెప్పలేం. సియాటిల్‌లోని వర్జీనియా మేసన్ ఆసుపత్రి 2005లో, టీకా లేకుండా ఉద్యోగం లేదంది. 54 శాతంగా ఉన్న లెక్క ఒక్క ఏడాదిలో 97 దాటింది. మానేసి వెళ్లినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత. ఆసుపత్రికి అది చెల్లుతుంది. ఒక ఊరికి, ఒక రాష్ట్రానికి చెల్లదు. జపాన్ చరిత్రే చెబుతోంది, తప్పనిసరి చేసినదానిపై ఒక్క దుర్ఘటన చాలు, ఇరవై ఏళ్ల కట్టడం కూలుతుంది. అమెరికాకు 1976లో అలాంటి అనుభవమే అయింది. ఫోర్ట్ డిక్స్ సైనిక శిబిరంలో కొత్త ఫ్లూ కనబడిందని హడావిడిగా నాలుగు కోట్ల మందికి పైగా టీకాలు వేశారు. ఆ మహమ్మారి రానే రాలేదు. లక్షకు ఒకరి చొప్పున గియాన్ బారే అనే నరాల జబ్బు వచ్చింది. డిసెంబరులో కార్యక్రమం ఆపేశారు. ఆ మచ్చ చాలాకాలం పోలేదు.

అదే అమెరికాలో 2021–22లో పెద్దవాళ్ల టీకా లెక్కను జాతులవారీగా విడదీస్తే తెల్లవాళ్లలో, ఆసియా మూలాలవాళ్లలో 54 శాతం, నల్లజాతివాళ్లలో 42, స్పానిష్ మాట్లాడే మూలాలవాళ్లలో 38. ఆసియా లెక్కలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. కూరగాయలకో, పాలకో వెళ్లిన దుకాణంలోనే మందుల కౌంటరు ఉంటుంది, ఇన్సూరెన్స్ కార్డు చూపిస్తే అక్కడికక్కడే సూది. విజయవాడలో ఉన్నన్నాళ్లూ ఫ్లూ టీకా పేరే వినని మనిషి డాలస్ వెళ్లిన మొదటి అక్టోబరులోనే వేయించుకుంటాడు. అతని నమ్మకాలేమీ మారలేదు, దుకాణం మారింది. నల్లజాతివాళ్ల వెనకబాటుకు టస్కిగీని చూపించడం అలవాటు. అక్కడ 1932 నుంచి 1972 వరకు సిఫిలిస్ ఉన్న నల్లజాతి మగవాళ్లకు చికిత్స చేయకుండా జబ్బు ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చున్నారు. ఆ గాయం నిజం. కానీ ఎప్పుడూ దాన్నే చెప్పడంలో ఒక సౌకర్యం ఉంది. పేటలో మందుల దుకాణం లేకపోవడం, పనికి వెళ్లని రోజు కూలి పోవడం, డాక్టరు అసలు అడగకపోవడం, ఇవేవీ మాట్లాడనక్కరలేకుండా పోతుంది. ఇంగ్లండ్‌లో పిల్లలకు ముక్కులో కొట్టే ఫ్లూ మందులో పంది నుంచి తీసిన జెలటిన్ ఉంటుంది. ముస్లిం తల్లిదండ్రులు చాలామంది వద్దన్నారు. దాన్ని మూఢనమ్మకంగా చూస్తూ కూర్చోకుండా, వాళ్లకు సూది రూపంలో ఇంకో టీకా ఇవ్వడం మొదలుపెట్టారు.

మనుషుల మనసు మార్చకుండానే అంకెలు మారతాయా? న్యూజెర్సీలోని రట్గర్స్ విశ్వవిద్యాలయంలో కొందరు ఉద్యోగులకు ‘మీకు ఫలానా రోజు, ఫలానా వేళకు టీకా రాసిపెట్టాం, కుదరకపోతే మార్చుకోండి’ అని, మిగతావాళ్లకు ‘కావాలంటే వేళ తీసుకోండి’ అని చెప్పారు. మొదటివాళ్లలో 45 శాతం, రెండోవాళ్లలో 33 శాతం వేయించుకున్నారు. క్యాథరిన్ మిల్క్‌మన్ చేసిన ఇంకో ప్రయోగంలో, ఏ రోజు ఏ గంటకు వెళతారో ఉత్తరం మీద మీరే రాసుకోండి అన్నందుకు నూటికి నలుగురు అదనంగా వచ్చారు. డెన్మార్క్‌లో దాదాపు 9 లక్షల 65 వేల మంది వృద్ధులకు రకరకాల మాటలతో ఎలక్ట్రానిక్ ఉత్తరాలు పంపారు. గుండెకు కూడా మేలు చేస్తుందని రాసిన ఉత్తరం 80.12 శాతాన్ని 81కి చేర్చింది. అంతే. ముందే 80లో ఉన్న దేశంలో మాటల మాయ ఒక్క మెట్టు కన్నా ఎక్కించలేదు. ఇలాంటి చిట్కాల మీద ఈమధ్య వస్తున్న పుస్తకాలు ఈ చివరి ఉదాహరణను ఎక్కువగా చెప్పవు.

మన దగ్గర మెట్ల సంగతి తర్వాత, పునాది రాయే పడలేదు. 45 దాటినవాళ్ల మీద 2017–18లో జరిగిన దేశవ్యాప్త సర్వేలో ఫ్లూ టీకా ఎప్పుడైనా వేయించుకున్నవాళ్లు రెండు శాతం లోపే. దేశ జనాభాకు ఉచితంగా ఇచ్చే టీకాల పట్టికలో ఇది లేదు. కొనుక్కోవాలంటే వెయ్యి నుంచి రెండు వేల రూపాయల దాకా అవుతుంది. మనకు టీకా అంటే పిల్లల వ్యవహారం, పల్స్ పోలియో ఆదివారాల జ్ఞాపకం. పెద్దవాళ్లు సూది వేయించుకునేది కుక్క కరిచినప్పుడు, ఇనుము గీరుకున్నప్పుడు. అయినా పెద్దవాళ్లు రారనడానికి వీల్లేదని 2021 నిరూపించింది. బడి వరండాల్లో, కల్యాణ మండపాల్లో కోవిడ్ టీకా కోసం తెల్లవారుజామున చెప్పులు వరసలో పెట్టి నిలబడ్డది వీళ్లే. అక్టోబరు 21 నాటికి దేశంలో వంద కోట్ల డోసులు పడ్డాయి.

మనకు ఇంకో చిక్కుంది, అది కాలం చిక్కు. ఫ్లూ అంటే మంచు దేశాల చలికాలపు జబ్బని పుస్తకాల్లో చదువుకున్నాం. 2009 మహమ్మారి ఫ్లూ మన దేశంలో మొదట నిర్ధారణ అయింది హైదరాబాద్‌లో, మే నెలలో, న్యూయార్క్ నుంచి దిగిన ప్రయాణికుడిలో. ఆ మహమ్మారి కాలంలోనూ తర్వాతా దేశంలోని వేర్వేరు నగరాల్లో వైరస్ జాడ తీసిన పరిశోధకులకు తేలిందేమిటంటే, శ్రీనగర్‌లో ఫ్లూ చలికాలంలో లేస్తుంది, దిగువన దాదాపు అన్నిచోట్లా వానలతో లేస్తుంది. 2015 జనవరిలో తెలంగాణను ఊపేసినట్టు చలిలోనూ ఒక్కోసారి వస్తుంది గానీ, పెద్ద అల సాధారణంగా వానాకాలానిదే. టీకా పట్టు దొరకడానికి రెండు వారాలు పడుతుంది. కాబట్టి మనం వేయించుకోవలసింది ఏప్రిల్, మే నెలల్లో. ఉత్తరార్ధగోళంలో ఉంటూనే ఆస్ట్రేలియా, బ్రెజిల్ వాళ్ల కోసం తయారైన ఆ ఏటి కొత్త టీకా మనకు సరిపోతుంది. అట్టపెట్టె మీద ఏ గోళానిది, ఏ ఏటిది అని రాసి ఉంటుంది. చాలామంది మాత్రం అమెరికాలోని పిల్లలు ఫోనులో గుర్తుచేశాక అక్టోబరులో అడుగుతారు. అప్పటికి వానలు వెళ్లిపోతుంటాయి.

రోహిణి కార్తె ఎండలు చల్లబడి మృగశిర కార్తె వచ్చే రోజున, అంటే జూన్ మొదటివారం చివర, హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానానికి ఎక్కడెక్కడి నుంచో ఆస్తమా మనుషులు వేలల్లో వస్తారు. బత్తిన కుటుంబం ఉచితంగా ఇచ్చే చేప ప్రసాదం కోసం ముందురోజే వచ్చి, రాత్రంతా దుప్పట్లు పరుచుకుని పడుకుని, తెల్లవారి వరసలో నిలబడతారు. ఆ మందు ఆస్తమాను తగ్గిస్తుందని శాస్త్రీయంగా రుజువు కాలేదు. నా చూపు ఆ వరస మీద. రైలు టికెట్టు కొనుక్కుని, కూలి పోగొట్టుకుని, ఊపిరి కోసం వచ్చిన మనుషులు. ఫ్లూ అన్నిటికన్నా గట్టిగా కొట్టేది వాళ్లనే, ఆ వానలు మొదలయ్యేది ఆ వారంలోనే. పోలీసులు, మంచినీళ్ల పాకెట్లు, చేపపిల్లల కౌంటర్లు, ప్రథమ చికిత్స శిబిరం అన్నీ ఉంటాయి. ఒక నెల ముందు, ఏ ఊరి నుంచి బయలుదేరారో ఆ ఊరి ఆరోగ్య కేంద్రంలో, వాళ్ల పేరు పెట్టి పిలిచిన ఉత్తరం మాత్రం ఎవరికీ వచ్చి ఉండదు.